బస్సు తలుపు – ఒక ధర్మసందేహము

ఇల్లు కట్టువారు మన దేశమున గోడలకంటె ముందు గడపను గూర్చి ఆలోచింతురు. ముహూర్తము చూచి ద్వారబంధము నిలిపి, పసుపుకుంకుమలు పెట్టి, మామిడాకులు కట్టి, ఆ తరువాతనే పై పనికి పూనుకొందురు. ఇందులో శాస్త్రమెంత, ఆచారమెంత అను విచారణతో నాకిప్పుడు పనిలేదు. ఒక ఇల్లు ఎవరిని లోనికి రానిచ్చునో, ఎవరిని వాకిట నిలుపునో ఆ చోటనే తేలును గనుక పెద్దలు దానికి అంత గౌరవమిచ్చినారని నా నమ్మకము. బస్సునకు ఈ భాగ్యము లేదు. ఆయుధపూజనాడు దాని ముందు భాగమునకు అరటిపిలకలు కట్టుదురు, చక్రము క్రింద నిమ్మకాయ నలుపుదురు, అద్దమునకు చందనము పూయుదురు. తలుపునకు బొట్టు పెట్టిన వానిని నేను చూచి ఎరుగను.

అయినను పాతబడిన ప్రయాణికుల బస్సును మరియొక పనికి మార్చదలచినపుడు మొట్టమొదట తగవు వచ్చునది ఆ తలుపు వద్దనే. ఈ మార్పులు మన కాలమున తరచుగ జరుగుచున్నవి. 2020లో కరోనా వ్యాధి ప్రబలినపుడు ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థవారి బస్సులు కొన్ని రోగపరీక్షకు నమూనాలు సేకరించు సంచార శాలలుగ మారినవి. వాటికి ‘సంజీవిని’ అని పేరిడిరి. పూనా నగరమున 2016 నుండియు, తరువాత హైదరాబాదులోను పాత బస్సులను స్త్రీల మరుగుదొడ్లుగ మార్చి వీధులలో నిలిపిరి. ఇనుప తుక్కు క్రింద తూకమునకు పోవలసిన వాహనము ఈ విధముగ మరియొక జన్మమెత్తుట మెచ్చదగినదే. ఇంతకుముందు మన పెద్దలు ఈ పనికి బస్సుకొరకు ఎదురు చూడలేదు. 1931లో మన్నారుగుడి ప్రాంతమున ఎడ్లబండిపై గ్రంథాలయము తిరిగినది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలపై పడవ గ్రంథాలయమును నడిపినారు. పడవకు తలుపుతో పని ఏమి? ఒడ్డునకు ఒక బల్ల వేసిన చాలును. బస్సు విషయము అట్లు కాదు.

బస్సు తలుపు ఎందుకు మార్చవలసి వచ్చునో తెలియనివారికి కొంచెము చెప్పవలెను. ప్రయాణికుల బస్సునకు సాధారణముగ ఎడమవైపున మడత తలుపుండును. కొత్త బండ్లలో అది గాలి ఒత్తిడిచే తెరచుకొని మూసికొనును. ఆ గాలి ఇంజను నడచునప్పుడు నిండును. బండి గంటలకొలది నిలిచియున్నచో మెల్లమెల్లగ కారిపోవును, తలుపు పట్టు వదలి వ్రేలాడును. నడుచు బస్సులో ఇది పెద్ద లోపము కాదు. కాని ఒక ఊరి రచ్చచెట్టు క్రింద ఉదయమునుండి సాయంకాలమువరకు నిలిచి, లోపల మందులు, పనిముట్లు పెట్టుకొనవలసిన బస్సునకు అట్టి తలుపు పనికిరాదు. బయటినుండి తాళము వేయుటకు దానికి వీలుండదు. మడతల సందులలో వాన లోనికి వచ్చును. మెట్ల గుంటలో నీరు నిలిచి, రేకు క్రింద తుప్పు పాకి, ఒకనాడు మెట్టే ఊడి చేతికి వచ్చును. కావున మడత తలుపు తీసివేసి, కీళ్ళపై తిరుగు ఒంటి తలుపు పెట్టుదురు. దానికి ముందువైపు అంచునకే కీళ్ళు బిగించవలెను. బండి సాగునపుడు ఎదురుగాలి తలుపును మూయవలెను గాని, తెరువరాదు. ఇంకను, రోడ్డుపై బస్సు ఒడలు కొంచెము మెలితిరుగుచునే యుండును. తలుపునకును చట్రమునకును నడుమ ఆమాత్రము సందు విడువకున్న, మొదటి గుంటలోనే అది బిగుసుకొని పోవును. ఈ సంగతులన్నియు బాడీ షెడ్లలోని మేస్త్రీలకు కరతలామలకము. వారికి తెలియవలసిన పని లేనిది, మనము వారికి చెప్పవలసినది ఒకటి మిగిలి యున్నది. తలుపు ఎవరి కొలతకు?

ఇచ్చట తత్త్వవిచారము చేయువారు మరియొక ప్రశ్నతో అడ్డు వత్తురు. తలుపు మారి, కుర్చీలు పోయి, రంగు మారిన పిమ్మట అది ఆ పాత బస్సేనా? గ్రీకులు థీసియసు ఓడను గూర్చియు, నాగసేన భిక్షువు మిళిందరాజు రథమును గూర్చియు ఇట్టి చర్చయే చేసిరి. ఇరుసు రథమా, చక్రము రథమా, కాడి రథమా అని అడిగి, ఏదియు కాదని తేల్చి, రథమనునది వట్టి వ్యవహారనామమని ముగించిరి. మన రవాణా కార్యాలయమువారికి ఈ చిక్కు లేదు. చాసిస్ సంఖ్య ఏదియో అదియే బస్సు. రెండు వేల సంవత్సరముల తగవును ఒక రికార్డు పుస్తకముతో తీర్చిన ఘనత వారిది. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారులు నిర్ణయించిన ప్రమాణములకు భిన్నముగ వాహనమును మార్చరాదు. అనుమతింపబడిన మార్పును రిజిస్ట్రేషను పత్రములో ఎక్కించుకొనవలెను. 2019 జనవరిలో సుప్రీముకోర్టువారు ఈ నియమమును గట్టిగ నిలిపినారు. మంచిదే. కాని బండి ‘అదియేనా’ అను ప్రశ్న బండిని గూర్చినది. ‘ఎవరికి’ అను ప్రశ్న మనుష్యులను గూర్చినది. మొదటిదానికి పండితులు చాలినంతమంది యున్నారు.

గుడియాత్తము ప్రాంతమున కొందరు పెద్దలు చేరి, ఒక పాత టౌను బస్సును కొని, నేతగాండ్ర పల్లెలకు తిప్పుటకై వైద్యశాలగ మార్చుచుండగా చూచు అవకాశము నాకు కలిగినది. లెక్కలు వ్రాయుటకు ఒకడు కావలసి నన్ను పిలిచిరి. షెడ్డులో బస్సు నాలుగు దిమ్మలపై నిలిచి యున్నది. తలుపు ఊడదీసినారు. ఆ ఖాళీ చోటు ముందర నిలిచి కమిటీవారు దాదాపు రెండు గంటలు వాదించుకొనిరి.

కోశాధికారిగారి మాట ఇది. ఉన్న చోటును కొంత రేకుతో మూసి, ఇరుకైన దిట్టమైన తలుపు పెట్టి, రెండు తాళములు బిగించవలెను. ఆయన పిసినారి కాడు, కఠినుడును కాడు. ధర్మపు సొమ్ముతో కొన్న మందులు ఒక రాత్రి పోయినచో, ఇచ్చినవారికి ఏమని చెప్పుదుమని ఆయన బాధ. ఆ బాధ న్యాయమైనదే. పరుల సొమ్మునకు కాపున్నవాడు తన ఇంటి తలుపునకంటె ఆ తలుపునకు పెద్ద తాళము వేయవలెను. మరియొకరు మడత తలుపునే బాగుచేసి, రంగు వేసి సరిపెట్టుదమనిరి. ఇంతకాలము అందరును దానిలోనుండియే ఎక్కలేదా అని వారి ప్రశ్న.

మేస్త్రి తమిళుడు. కొలబద్ద తీసి నేలనుండి మొదటి మెట్టునకు కొలిచి చూపినాడు. పదునేడు అంగుళములు. మన ఇండ్లలో మెట్టు ఆరేడు అంగుళములకు మించదు. చోటు వెడల్పు ఇరువదియారు అంగుళములు. ఇద్దరు మనుష్యులు ఒక రోగిని చెరియొక రెక్క పట్టుకొని లోనికి తీసికొనిపోవుటకు అది చాలదు. ఒక నిలువు కమ్మీని కోసి, పైన దూలము బిగించి, చోటు వెడల్పు చేయవచ్చును, క్రింద లాగుడు మెట్టు ఒకటి వ్రేలాడదీయవచ్చును అన్నాడు. ఖర్చు చెప్పగానే అందరును మౌనము వహించిరి.

షెడ్డు ప్రక్కన వేపచెట్టు క్రింద ఒక ముసలమ్మ కూర్చుండి ఇదంతయు వినుచున్నది. గుంటమగ్గము మీద నలుబది యేండ్లు నేసిన మనిషి. గుంటలో కాళ్ళు దించుకొని, రోజంతయు తొక్కుడు పలకలు త్రొక్కిన మోకాళ్ళు ముసలితనమున ఎట్లుండునో మన ఊరివారికి నేను వర్ణింపనక్కరలేదు. ఆమె లేవకుండనే, మన ఊరి తెలుగులో, “సామీ, మీరు ఏ తలుపైనా పెట్టుకోండి, నేను మాత్రం ఎక్కలేను. ఆ డాక్టరమ్మనే కిందికి దిగమనండి” అన్నది.

అందరును నవ్విరి. నేనును నవ్వితిని. కాని ఆ మాటలో ఈ ప్రాంతపు నూరేండ్ల చరిత్ర ఉన్నది.

వేలూరు వైద్యకళాశాలను స్థాపించిన ఐడా స్కడ్డరు దొరసానిగారి కథ ఒక తలుపుతోనే మొదలైనది. ఆమె 1870లో రాణిపేటలో జన్మించినది. అమెరికాలో చదువుకొని, తల్లికి జబ్బు చేయగా తిండివనమునకు తిరిగి వచ్చిన కాలమున ఒకనాటి రాత్రి వారి ఇంటి తలుపు మూడుమార్లు తట్టబడినది. ఒక బ్రాహ్మణుడు, ఒక ముసల్మాను, మరియొక హిందూ గృహస్థు ఒకరి వెంట ఒకరు వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను రక్షించుమని వేడిరి. ఆమె వైద్యురాలు కాదు. ఆమె తండ్రి వైద్యుడు; కాని పురుషుని తమ అంతఃపురములోనికి రానిచ్చుటకు వారు ఒప్పలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఇచ్చట ఎవరి తలుపు మూసియున్నది? స్కడ్డరులవారి తలుపు తెరచియే యున్నది, వైద్యుడు రాదలచియే యున్నాడు. మూసియున్నవి ఆ మూడిండ్ల తలుపులు. వానిని ఒక స్త్రీ మాత్రమే తెరువగలదని గ్రహించి, ఆమె అమెరికాకు పోయి, 1899లో వైద్యపట్టము పొంది, 1900లో వేలూరులో ఒకే మంచముతో వైద్యము మొదలుపెట్టినది. 1902లో నలుబది పడకల ఆసుపత్రి వెలసినది. 1918లో స్త్రీలకు వైద్యపాఠశాల ఏర్పడినది. ఆమె 1960లో కోడైకానలులో పరమపదించినది.

ఈ ఆసుపత్రికి తలుపులు పెక్కు కలవు, అన్నియు తెరచియే యుండినవి. అయినను వేలూరికి సుమారు ముప్పదియైదు కిలోమీటర్ల దూరముననున్న గుడియాత్తమునుండి, నడుమనున్న పల్లెలనుండి రోగులు అక్కడకు రాలేకుండిరి. రాలేని కారణమును ఆమె రోగులలో వెదకలేదు. తానే బయలుదేరినది. వేలూరునుండి గుడియాత్తమునకు వారము వారము పోవుచు, దారి పొడుగున చెట్లక్రింద ఆగి వైద్యము చేసినది. మొదట ఎడ్లబండి, తరువాత ఫ్రాన్సు దేశపు పెజో మోటారుకారు. ఆ కారును మొదట చూచినవారు దయ్యమని పరుగెత్తిరట. ఈ పద్ధతికే ‘రోడ్‌సైడ్’ అని పేరు నిలిచినది. బల్ల ఒకటి, మందుల పెట్టె ఒకటి, పైన చింతచెట్టు. తలుపు లేదు.

అట్లయిన మంచి తలుపనగా తలుపు లేకుండుటయేనా? ముసలమ్మ మాట విన్న క్షణమున నాకును అట్లే తోచినది. కాని ఆ మూడు మరణములు అందుకు ఒప్పవు. స్త్రీ తన శరీరబాధను చెట్టుక్రింద నలుగురి ఎదుట చెప్పుకొనజాలదు. క్షయరోగి తన దగ్గును, మధుమేహము కలవాడు తన కాలిపుండును ఊరంతయు చూచునట్లు విప్పి చూపజాలడు. మూసికొను తలుపు కూడ ఒక దయ. రేకుల బస్సును కొని వైద్యశాలగ మార్చుటలోని ప్రయోజనమే అది. చెట్టు ఇవ్వలేని మరుగును అది ఇచ్చును. కావున తలుపు ఉండవలెను, గట్టిగ మూసికొనవలెను, ఆ ముసలమ్మ ఎక్కగలిగి యుండవలెను. ఈ మూడును ఒక్క ఇరువదియారు అంగుళముల చోటులో ఇముడవు. అందుచేతనే ఇది ధర్మసందేహము. లేనిచో వట్టి వడ్రంగము.

మడత తలుపునే ఉంచుదమన్నవారి మాటకు నేను మరల వచ్చెదను. ‘ఇంతకాలము అందరును ఎక్కలేదా?’ ఈ ప్రశ్నను నేను ఉద్యోగకాలమంతయు వేరువేరు రూపములలో వినియున్నాను. కార్యాలయములో రిజిస్టరు వ్రాయువానికి ఒక సంగతి తెలియును. లోనికి వచ్చినవాని పేరే రిజిస్టరులో ఉండును. గుమ్మము వరకు వచ్చి, మెట్టు చూచి, వెనుదిరిగినవానికి కాలము లేదు, వరుస సంఖ్య లేదు. సంవత్సరాంతమున లెక్క తీయునపుడు వచ్చినవారందరును ఎక్కగలిగినట్లే తేలును. ఎత్తైన మెట్టు తన మీద ఒక్క ఫిర్యాదును రానీయదు. ఫిర్యాదు చేయవలసినవాడు లోనికి రాలేదు గనుక. చెడ్డ తాళము దొంగతనముతో బయటపడును. కారు కప్పు వానతో బయటపడును. చెడ్డ తలుపు మాత్రము ఎన్నడును బయటపడదు. కోశాధికారిగారి భయమునకు సాక్ష్యము దొరకును, పోయిన మందుల పట్టీ ఒకటి ఉండును. ముసలమ్మ మోకాళ్ళకు పట్టీ లేదు. రెండు నష్టములలో ఒకటి వ్రాతలో కనబడును, ఒకటి కనబడదు. కనబడని దానిని తక్కువదని మనము భ్రమింతుము. తలుపు పెట్టువాని ధర్మము ఇచ్చటనే కఠినమగును. తన ఎదుట లేనివానిని తానే తలచుకొనవలెను. వానిని గుర్తుచేయువారు ఎవరును ఉండరు.

బస్సునుండి మనుష్యులను దూరముగ నిలిపినది మెట్టు ఒక్కటియే కాదు. దక్షిణ తమిళదేశమున ఆది ద్రావిడులను బస్సులలో ఎక్కనీయని కాలమొకటి యుండెను. 1930 ప్రాంతమున రామనాథపురము జిల్లాబోర్డు అధ్యక్షుడు డబ్ల్యు.పి.ఏ. సౌందరపాండ్య నాడారు గారు, అట్లు నిరాకరించు బస్సులకు లైసెన్సు రద్దగునని ఉత్తరువు చేసిరి. ఆ ఉత్తరువు వెలువడువరకు బస్సు యజమానుల లెక్కపుస్తకములలో ఆ ప్రయాణికుల కొరత ఎక్కడనైన కనబడెనా? కుష్ఠురోగుల విషయములో చట్టమే తలుపు మూసినది. 1898 నాటి చట్టము ప్రకారము, ప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములలో వ్యాధిగ్రస్తులు కిరాయిబండ్లలో ఎక్కరాదని నిషేధింపవచ్చును. రైలుపెట్టెలకు మాత్రము మినహాయింపు ఉండెను. ఆ చట్టము పూర్తిగ రద్దయినది 2016లో. నూట పదునెనిమిది సంవత్సరములు! ‘రోడ్‌సైడ్’ వైద్యులు చెట్లక్రింద కుష్ఠురోగులను చూచుటలో ఇట్టి అవసరము కూడ ఉన్నదని మరువరాదు. బండి ఎక్కరాని మనిషి వద్దకు బండియే పోవలెను గదా.

ఈ సందర్భమున తలుపు పిడిని గూర్చి ఒక మాట. వేలూరులో పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడు 1948లో కుష్ఠువలన ముడుచుకొని పోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేయ మొదలిడెను. 1955లో కాట్పాడి సమీపమున కరిగిరి కేంద్రము ఏర్పడినది. ఆ వ్యాధిలో వ్రేళ్ళు గోళ్ళవలె వంగిపోవును, స్పర్శ నశించును. అట్టి చేతికి గుండ్రని పిడి త్రిప్పుట అసాధ్యము. పట్టు దొరకదు, బలముగ పట్టినచో చర్మము చిట్లినను తెలియదు. పొడుగు పిడియైనచో మోచేతితో నొక్కిన చాలును. కీళ్ళవాతము కలవారికి, చంకలో బిడ్డనెత్తుకొన్న తల్లికి కూడ అదే మేలు. రెండు పిడులకును వెలలో పెద్ద భేదము లేదు. అంగడిలో ఏది ముందు చేతికి వచ్చిన దానిని కొనుటచేతనే సగము అన్యాయములు జరుగుచున్నవని నాకు తోచును. దుర్మార్గము అక్కరలేదు.

వెలుపలికి పోవుటను గూర్చియు తలపవలెను. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున పాలెము వద్ద బెంగుళూరునుండి హైదరాబాదు పోవు బస్సు అంటుకొని నలుబదియైదుగురు మరణించిరి. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపమున చిన్నటేకూరు వద్ద మరల అట్టి ఘోరమే జరిగినది. బ్రతికినవారిలో పెక్కురు కిటికీల అద్దములు పగులగొట్టుకొని బయటపడిరి. దొంగనుండి కాపాడు తాళము లోపలివానిని బంధించు తాళము కారాదు. బయట తాళపుచెవి కావలెను, లోపల చెయ్యి తగిలిన చాలును, అట్టి గొళ్ళెము పెట్టవలెను. కోశాధికారిగారు ఈ మాటకు వెంటనే ఒప్పుకొనిరి. ఆపద మార్గమునకు అడ్డముగ మందుల బీరువా పెట్టవలెనని అంతకుముందు గీసిన పటమును ఆయనయే చించివేసిరి.

చివరకు కమ్మీ కోసిరి. వెడల్పు ముప్పదియారు అంగుళములైనది. తలుపు బయటకు తెరచుకొను ఒంటి తలుపు, చుట్టును రబ్బరు పట్టీ, పొడుగు పిడి, రెండు ప్రక్కలను పట్టుకొనుటకు గొట్టపు కమ్ములు, క్రింద లాగుడు మెట్లు రెండు. మందులకు తలుపునకు సంబంధము లేని ఇనుప పెట్టె లోపల చాసిస్‌కు బిగించిరి; కోశాధికారిగారి రెండు తాళములును దానికే. కాపలా ధర్మము మందులది, ప్రవేశ ధర్మము మనుష్యులది అని రెండింటిని విడదీసిన బుద్ధి మేస్త్రిది, మాది కాదు. తలుపును మాత్రము అతడు వెంటనే బిగింపలేదు. లోపలి సామాను అంతయు ఎక్కించి, బరువునకు బస్సు దిగి నిలువబడిన పిమ్మటనే కొలతలు తీసెదనని చెప్పి నాలుగు దినములు ఆపినాడు. ఖాళీ బస్సునకు కొలిచిన తలుపు నిండిన బస్సునకు పట్టదట. ఖర్చు అనుకొన్నదానికంటె ఎక్కువైనది. ఆ సొమ్ముతో ఎన్ని మాసముల మందులు వచ్చియుండునో లెక్క కట్టినవారున్నారు. ఆ లెక్క తప్పు కాదు. కాని రానివాని వంతు మందును ఆ లెక్కలో ఏ వరుసలో వేయుదురో వారు చెప్పవలెను. ముసలమ్మ ఎక్కినదా అని అడుగువారికి: రెండు కమ్ములు పట్టుకొని, నడుమ ఒకసారి ఆగి, ఎక్కినది. దిగునపుడు మనుమడు చెయ్యి పట్టవలసి వచ్చినది.

పట్టణములలోను ఈ విషయము ఇప్పుడు కొంత కదలినది. వికలాంగుల హక్కులకొరకు మద్రాసు హైకోర్టులో వ్యాజ్యములు నడచిన పిమ్మట, 2024లో చెన్నైలో నేల తక్కువ ఎత్తుగల బస్సులు మరల తిరుగనారంభించినవి. ఆగినచోట ఆ బండి ఒక ప్రక్కకు ఒరిగి క్రిందికి దిగును. ప్రయాణికుడు బస్సునకు మ్రొక్కి ఎక్కుటకు బదులు బస్సే మోకాలు వంచుట చూడ ముచ్చటగ నుండును. మన వేలూరు, గుడియాత్తము దారులలో అవి ఎప్పుడు వచ్చునో చూడవలెను.

ఇది మన సంఘపు సంచిక గనుక మన ఇంటి తలుపును గూర్చి కూడ చెప్పుట న్యాయము. 1911లో ఉత్తర ఆర్కాటునుండి చిత్తూరు జిల్లా వేరుపడినపుడు మన తాతలు ఈవలనే నిలిచిరి. అప్పటినుండియు ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము. రెండింటిలోను మనకు తక్కువ లేదు. 2006లో వచ్చిన చట్టము వలన మన పిల్లలు బడిలో తమిళము తప్పక చదువుచున్నారు. చదువవలసినదే, ఈ నేల భాష అది. దానితోపాటు తెలుగు లిపి నేర్పు బడులు తగ్గినవి. నా మనుమరాలు తెలుగున చక్కగ పోట్లాడును, గంగమ్మ జాతరలో తెలుగుననే మ్రొక్కును, తెలుగు అక్షరము చదువలేదు. ఈ వ్యాసమును నేనే ఆమెకు చదివి వినిపింపవలెను, నడుమ నడుమ ఆపి అర్థము చెప్పవలెను. మన సభల ఆహ్వానపత్రికలు తెలుగు లిపిలోనే అచ్చగును. సభకు యువకులు రారని ప్రతి సంవత్సరము కార్యదర్శిగారి నివేదికలో ఒక వాక్యముండును. హాజరు పుస్తకములో వచ్చినవారందరును తెలుగు చదువగలవారే. ఆ పుస్తకమును చూచి మన తలుపు సరిగనే యున్నదని తీర్మానించువారికి నేను ఆ బస్సు మెట్టును చూపుదును. లిపిని విడువుమని నా మతము కాదు. ఆ మాట అన్నవారితో నేను పోరాడుదును. లాగుడు మెట్టు ఒకటి వ్రేలాడదీయుమని మాత్రమే అనుచున్నాను. తెలుగు ఆహ్వానము క్రింద తమిళ లిపిలో నాలుగు పంక్తులు, పిల్లలకు ఆదివారము ఒక గంట అక్షరములు.

మరియు మన సమావేశములు మేడమీది గదిలో జరుగుచున్నవి. ఇరువదిరెండు మెట్లు, నేను లెక్కించితిని. క్రింది గది ఖాళీ అయినదని ఇంటివారు చెప్పినారు, అద్దె నెలకు మూడు వందలు ఎక్కువ. ఆ విషయమైన తీర్మానము వచ్చే నెల సభలో చర్చకు వచ్చును. సభ మాత్రము మేడమీదనే.